శస్త్రచికిత్స తర్వాత కోలుకోవడం: సర్జన్, ఫిజియోథెరపిస్టుల ఉమ్మడి పని

సర్జన్ పని ఆపరేషన్ థియేటర్‌లో ముగుస్తుందనీ, అక్కడి నుంచి ఫిజియోథెరపిస్టు పని మొదలవుతుందనీ రోగులే కాదు, చాలా ఆస్పత్రులు కూడా అనుకుంటాయి. నిజానికి ఇవి ఒకదాని వెనక ఒకటి వచ్చే పనులు కావు. ఆపరేషన్ అయిన కాలి మీద ఎంత బరువు మోపవచ్చు, కుట్టిన వేలిని ఎంతవరకు వంచవచ్చు, ఏ వారం నుంచి వంచవచ్చు అన్నవి థియేటర్‌లోనే చాలావరకు తేలిపోతాయి. రేపు ఏ కదలిక చేయించబోతున్నారో తెలిసిన సర్జన్ ఇవాళ కుట్టే తీరు కూడా వేరుగా ఉంటుంది.

చిక్కంతా ఒకచోట ఉంది. కుట్టినది అతుక్కోవాలంటే కదలకుండా ఉండాలి. చుట్టూ ఉన్నవాటికి అంటుకుపోకూడదంటే కదులుతూ ఉండాలి. కదలిక ఎక్కువైతే కుట్టు తెగుతుంది, తక్కువైతే కీలు బిగుసుకుపోతుంది. ఎంత గట్టిగా కుట్టారో, ఎముక ఎంత పెళుసుగా ఉందో సర్జన్ కళ్ళారా చూశారు. ఆ భాగం రోజురోజుకీ ఎలా మారుతోందో ఫిజియోథెరపిస్టు చేతికి తెలుస్తుంది. ఈ వ్యాసం ప్రధానంగా ఈ రెండు రకాల సమాచారం ఒకరి నుంచి ఒకరికి ఎలా చేరుతూ వచ్చిందన్న దాని గురించి.

మంచం దించడానికి పట్టిన కాలం

19వ శతాబ్దపు బ్రిటన్‌లో ఎముకల వైద్యానికి పెద్దదిక్కు హ్యూ ఓవెన్ థామస్. జబ్బుపడిన కీలుకూ, విరిగిన ఎముకకూ సుదీర్ఘ విశ్రాంతే అసలు మందని ఆయన నమ్మకం. ఆయన పేరు మీదున్న థామస్ స్ప్లింట్ నేటికీ వాడుకలో ఉంది. అదే శతాబ్దం చివర ఫ్రాన్స్‌లో జుస్ట్ లుకా-షాంపియోనియేర్ దీనికి పూర్తిగా ఎదురు వాదన చేశారు: విరిగిన ఎముకకు కూడా మెల్లని కదలిక, మర్దన మేలు చేస్తాయని. పొట్ట ఆపరేషన్లలోనూ ఇదే గొడవ. పొట్ట కోసిన రోగులను రోజుల తరబడి పడుకోబెట్టనక్కర్లేదని షికాగో సర్జన్ ఎమిల్ రీస్ 1899లోనే రాశారు. వైద్యలోకం ఆ మాటను పట్టించుకోవడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. అదీ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మంచాలకూ నర్సులకూ కరువొచ్చి, రోగులను త్వరగా లేపక తప్పని పరిస్థితి కూడా తోడయ్యాకే.

ఫిజియోథెరపీ వృత్తిగా నిలబడింది వేరే దారిలో. 1894లో లండన్‌లో నలుగురు నర్సులు శిక్షణ పొందిన మర్దనకారుల సంఘం పెట్టుకున్నారు. వైద్యుడు చెబితే తప్ప ఎవరికీ చికిత్స చేయరాదన్నది వారు పెట్టుకున్న తొలి నియమాల్లో ఒకటి. వృత్తికి గౌరవం దక్కడానికి అది అవసరమైంది. కానీ ఆజ్ఞ ఒకరిది, అమలు ఒకరిది అనే పద్ధతికి కూడా అక్కడే పునాది పడింది. మొదటి ప్రపంచ యుద్ధం ఇద్దరినీ ఒకే కప్పు కిందికి తెచ్చింది. థామస్ దగ్గరే పని నేర్చుకున్న రాబర్ట్ జోన్స్ 1916లో లండన్‌లోని షెపర్డ్స్ బుష్‌లో సైనికుల కోసం ఎముకల ఆస్పత్రి నడిపారు. అక్కడ ఆపరేషన్ గదులతోపాటు వ్యాయామ గదులు, వడ్రంగం వంటి పనులు చేయించే కార్యశాలలు ఉండేవి. అమెరికాలో ఈ పని కోసం శిక్షణ పొందిన మహిళల్లో మేరీ మెక్‌మిలన్ ముఖ్యులు. 1921లో ఏర్పడిన అమెరికన్ ఫిజియోథెరపిస్టుల సంఘానికి ఆమే తొలి అధ్యక్షురాలు.

అసలు మలుపు 1958లో స్విట్జర్లాండ్‌లో వచ్చిందని చెప్పాలి. మారిస్ ముల్లర్, మరికొందరు సర్జన్లు కలిసి ఏఓ అనే బృందం పెట్టారు. ఎముక అతుక్కునేదాకా నెలల తరబడి పిండికట్టులో ఉంచితే ఎముక అతుకుతుంది గానీ కండరం సన్నబడుతుంది, కీలు బిగుసుకుంటుంది, కాలు వాస్తుంది. ఎముక విరగడం కంటే చికిత్సే పెద్ద జబ్బయ్యే ఈ పరిస్థితిని తప్పించడమే వారి లక్ష్యం. ప్లేట్లు, స్క్రూలతో ఎముకను గట్టిగా బిగిస్తే, కీలును కొద్ది రోజుల్లోనే కదిలించవచ్చు. అంటే ఇవాళ ప్రతి జిల్లా ఆస్పత్రిలో వేస్తున్న ప్లేటు వెనక ఉన్న ఆలోచనలో సగం వ్యాయామం గురించే. ప్లేటు వేసి కూడా ఆరు వారాలు కట్టులో ఉంచితే, ఎముక మరీ పెళుసుగా ఉండటం వంటి కారణం ఏదైనా ఉంటే తప్ప, ఆపరేషన్ వల్ల రావలసిన లాభాన్ని చాలావరకు వదులుకున్నట్టే.

వేలి టెండన్: ఒక కుట్టు, రెండు చేతులు

సర్జన్, ఫిజియోథెరపిస్టుల పని ఎంతగా పెనవేసుకుంటుందో చూడటానికి చేతివేలిని మించిన చోటు లేదు. వేలిని మడిచే టెండన్లు (జనం వాడుకలో ‘నరాలు’) అరచేతి పైభాగం నుంచి వేలి మధ్య ఎముక దాకా ఒక సన్నని గొట్టంలో జారుతూ ఉంటాయి. కత్తిపీట జారో, గాజు గుచ్చుకొనో ఆ భాగంలో టెండన్ తెగితే, కుట్టింది కుట్టినట్టే గొట్టానికి అంటుకుపోయేది. అమెరికన్ సర్జన్ స్టెర్లింగ్ బన్నెల్ ఈ భాగాన్ని ఎవరూ అడుగు పెట్టకూడని చోటు అనే అర్థంలో పేరు పెట్టి, అక్కడ వెంటనే కుట్టవద్దనీ, గాయం మానాక వేరేచోటి టెండన్ తెచ్చి అతకమనీ బోధించారు. దశాబ్దాల పాటు అదే శాస్త్రంగా నడిచింది.

1960లలో కెంటకీ రాష్ట్రం లూయివిల్‌లో హెరాల్డ్ క్లైనర్ట్ బృందం ఈ సూత్రాన్ని పక్కనపెట్టి, తెగిన వెంటనే కుట్టి మంచి ఫలితాలు చూపించింది. 1967లో వాటిని ప్రకటించినప్పుడు తోటి సర్జన్లలో చాలామంది నమ్మలేదు. కిటుకు కుట్టులో ఎంత ఉందో, కుట్టు తర్వాత చేయించిన పనిలో అంతకంటే ఎక్కువ ఉంది. చేతి వెనక వైపు వేసిన స్ప్లింటు వేళ్ళను పూర్తిగా చాపనివ్వదు. గోటి నుంచి మణికట్టు దాకా ఒక రబ్బరు బ్యాండు కడతారు. రోగి స్ప్లింటు దాకా వేలిని తనంతట తాను చాపుతాడు. వదలగానే బ్యాండు దాన్ని ముడుస్తుంది. కుట్టిన టెండన్ మీద బరువు పడదు, అయినా గొట్టంలో జారుతూనే ఉంటుంది. 1975లో డురాన్, హౌసర్ అనే ఇద్దరు మరో పద్ధతి చెప్పారు: రబ్బరు బ్యాండు లేకుండా, రెండో చేత్తోనో థెరపిస్టు చేత్తోనో వేలిని వంచి, కుట్టు 3 నుంచి 5 మిల్లీమీటర్లు జారేలా చూస్తే చాలు, అంటుకోదని.

ఇక్కడి నుంచి కథ వెనక్కి తిరిగి థియేటర్‌లోకి వెళ్తుంది. రోగి తనంతట తాను వేలు మడిస్తే ఇంకా మంచి ఫలితం వస్తుంది. కానీ కుట్టు దగ్గర టెండన్‌ను దాటే దారపు పోగులు రెండే ఉంటే ఆ బలానికి తట్టుకోవడం కష్టం. కాబట్టి సర్జన్లు నాలుగు, ఆరు పోగుల కుట్లకు మారారు. వ్యాయామం కోరింది, శస్త్రచికిత్స ఇచ్చింది. ఎన్ని పోగులు వేశారో తెలియని ఫిజియోథెరపిస్టు అందుకే అయోమయంలో పడతారు. రెండు పోగుల కుట్టుకు నాలుగు పోగుల వ్యాయామం చేయిస్తే తొలి వారాల్లోనే పుటుక్కుమంటుంది. నాలుగు పోగుల కుట్టును భయపడి కదిలించకుండా ఉంచితే వేలు కొయ్యబారుతుంది.

ఇటీవలి మరో మార్పు కెనడాలోని సెయింట్ జాన్ నగరం నుంచి వచ్చింది. డొనాల్డ్ లాలోండ్ అనే సర్జన్, రోగికి పూర్తి మత్తు ఇవ్వకుండా, చేతికి బిగించే పట్టీ కూడా లేకుండా, లిడోకెయిన్‌లో అడ్రినలిన్ కలిపి ఇంజెక్షన్ చేసి ఆపరేషన్ చేసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. కుట్టు అయ్యాక, కోత మూయకముందే, రోగిని వేలు మడవమంటారు. కుట్టు దగ్గర సందు పడుతోందా, గొట్టం అంచుకు తట్టుకుంటోందా అన్నది సర్జన్ అక్కడే చూసి సరిచేస్తారు. థెరపిస్టుకు ఇది బంగారం లాంటి సమాచారం. బల్ల మీద వేలు పూర్తిగా మడిచిందని తెలిస్తే, మూడు వారాల తర్వాత మడవకపోవడానికి కారణం వాపు, నొప్పి, భయం, అతుకులలో వెతకవచ్చు.

చేతి పునరావాస రంగంలో ఒక పెద్ద పాఠ్యగ్రంథాన్ని 1978లో ఫిలడెల్ఫియా నుంచి తెచ్చిన సంపాదకుల జాబితాలో సర్జన్ జేమ్స్ హంటర్ పేరు పక్కనే ఫిజియోథెరపిస్టు ఎవెలిన్ మాకిన్ పేరు ఉంది. ఆ రోజుల్లో అది మామూలు విషయం కాదు.

వెల్లూరు పాఠం

మన ప్రాంతానికి దగ్గరగా జరిగిన, ప్రపంచమంతా తర్వాత నేర్చుకున్న ఉదాహరణ వెల్లూరుది. చిత్తూరు సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉన్న వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి తెలుగు రోగులు తరతరాలుగా వెళ్తున్నారు. తమిళనాడులోని కొల్లి కొండల్లో 1914లో మిషనరీ దంపతులకు పుట్టిన పాల్ బ్రాండ్ 1946లో అక్కడికి సర్జన్‌గా వచ్చారు. మరుసటి ఏడాది చెంగల్పట్టు కుష్ఠు ఆస్పత్రి చూడటానికి వెళ్ళి, వేళ్ళు కొంకర్లు పోయిన చేతులను చూశారు. కుష్ఠు వల్ల మోచేతి దగ్గరి నాడి దెబ్బతింటే అరచేతిలోని చిన్న కండరాలు చచ్చుబడతాయి. ముంజేతి కండరాల్లో ఎక్కువ భాగానికి మాత్రం ఏమీ కాదు. బలంగా ఉన్న కండరం టెండన్‌ను తీసి, చచ్చుబడిన కండరం పనికి మళ్ళించవచ్చు కదా అన్నది బ్రాండ్ ఆలోచన. టెండన్ మార్పిడి కొత్త కాదు. కుష్ఠు రోగులకు దాన్ని ఒక కార్యక్రమంగా చేపట్టడం కొత్త.

ఈ ఆపరేషన్ సగం పని థియేటర్‌కు ముందే జరగాలి. ముడుచుకుపోయిన వేలి కణుపులు చాపినా చాపుకోని స్థితిలో ఉంటే ఎంత మంచి టెండన్ అతికినా వృథా. అందుకని వారాల తరబడి నూనె మర్దన, వేడి మైనపు పూత, చిన్నచిన్న పిండికట్లతో వేలిని కొద్దికొద్దిగా చాపుతారు. ఆ తర్వాత మరో కష్టమైన పని ఉంది. మళ్ళించబోయే కండరాన్ని రోగి విడిగా పనిచేయించడం నేర్చుకోవాలి. మణికట్టును పైకెత్తే కండరాన్ని వేళ్ళకు అతకబోతుంటే, ఆ ఒక్క కండరాన్ని బిగించడం రోగికి ముందే రావాలి. అతికాక సుమారు మూడు వారాలు పిండికట్టు. కట్టు విప్పిన రోజు థెరపిస్టు వేలు మడవమని చెప్పరు, మణికట్టు ఎత్తమంటారు. రోగి పాత పని చేయబోతాడు, వేళ్ళు మొదలు దగ్గర వంగుతాయి. మెదడు ఆ తికమకను కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. కాగితం పట్టుకోవడం, ముద్ద కలుపుకోవడం, ఉలి పట్టడం దాకా సాధన సాగుతుంది.

కుష్ఠు చేతిలో ఇంకో ప్రమాదం ఉంది. స్పర్శ ఉండదు కాబట్టి నొప్పి హెచ్చరించదు. మామూలు రోగి నొప్పి పుట్టగానే ఆగుతాడు. ఈ రోగి కుట్టు తెగినా ఆగడు. అందువల్ల నొప్పి చేయాల్సిన పనిని థెరపిస్టు చేయాలి. రోజూ చేతిని తాకి ఎక్కడ వేడిగా ఉందో చూసి, వేడి చోటు కనిపిస్తే ఆ రోజు వ్యాయామం ఆపి సర్జన్‌కు చెప్పాలి. బ్రాండ్ తర్వాతి జీవితమంతా ఈ వేడి, ఒత్తిడి, పుండు మధ్య సంబంధం మీదే పనిచేశారు. 1966లో ఆయన అమెరికాలోని కార్‌విల్ కుష్ఠు ఆస్పత్రికి వెళ్ళాక, వెల్లూరులో నేర్చుకున్నది మధుమేహ రోగుల పాదాల సంరక్షణకూ పనికొచ్చింది.

ఇదే ఆస్పత్రిలో మేరీ వర్గీస్ కథ సర్జరీకీ పునరావాసానికీ మధ్య గోడను ఒకే మనిషి దాటిన ఉదాహరణ. 1954లో వాహన ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని ఆమె నడుము కింది భాగం చచ్చుబడింది. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. తర్వాత న్యూయార్క్‌లో పునరావాస వైద్యంలో శిక్షణ పొంది వచ్చి, వెల్లూరులో ఆ విభాగాన్ని నిలబెట్టారు. 1972లో పద్మశ్రీ అందుకున్నారు.

మోకాలు

తెలుగు ఇళ్ళలో ఫిజియోథెరపిస్టు అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది మోకీలు మార్పిడే. ఇందులో అందరూ మరిచిపోయే ఒక అంకె ఉంది: రోగి ఇంకా మత్తులో ఉండగా, కోత మూశాక, బల్ల మీద మోకాలు ఎన్ని డిగ్రీలు వంగింది? అది 120 ఉండి, నాలుగో వారంలో రోగి 70 దగ్గర ఆగిపోతే, నొప్పి మందులు సరిపోవడం లేదనో, లోపల అతుకులు పడుతున్నాయనో అర్థం. థెరపిస్టు వెంటనే సర్జన్‌కు చెబితే, మొదటి మూడు నెలల్లోపు మత్తు ఇచ్చి మోకాలిని వంచి అతుకులు విడదీసే అవకాశం ఉంటుంది. ఆలస్యమైతే ఆ దారి మూసుకుంటూ వస్తుంది. బల్ల మీదే 95 డిగ్రీలకు ఆగిపోయిన మోకాలిని మాత్రం రోజూ నొక్కి ఏడిపించడం అనవసరం. ఆపరేషన్‌కు ముందు ఎంత వంగేదో తర్వాతా దాదాపు అంతే వంగుతుందన్నది పాత అనుభవం. కాబట్టి బాసింపట్టు వేసుకు కూర్చోగలనా అన్న ప్రశ్నకు జవాబు ఆపరేషన్‌కు ముందే ఇద్దరూ ఒకే మాటగా చెప్పాలి.

మత్తు డాక్టరు కూడా ఈ జట్టులో సభ్యుడే. తొడ పైభాగంలో నాడికి మందిస్తే నొప్పి పోతుంది గానీ తొడ ముందు కండరం కూడా మొద్దుబారి, మొదటిరోజు నిలబెట్టగానే రోగి కూలబడే ప్రమాదం ఉంటుంది. కాస్త కిందుగా ఇస్తే నొప్పి తగ్గుతుంది, కండరం బలం చాలావరకు నిలుస్తుంది. ఇక ఇంటికొచ్చాక కుటుంబం ప్రేమతో చేసే హాని ఒకటి ఉంది: మోకాలి కింద మెత్తని దిండు. హాయిగానే ఉంటుంది, కాలు మాత్రం పూర్తిగా చాపుకోకుండా వంకరగా బిగుసుకుంటుంది. దిండు మడమ కింద పెట్టాలి.

మోకాలిని యంత్రం మీద పెట్టి నిరంతరాయంగా వంచి చాపే పద్ధతిని కెనడా సర్జన్ రాబర్ట్ సాల్టర్ 1970లో ప్రతిపాదించారు. మృదులాస్థి మీద ఆయన పరిశోధన గట్టిది. కానీ మోకీలు మార్పిడి తర్వాత ఆ యంత్రం వల్ల రోగికి లెక్కలోకి వచ్చేంత లాభం లేదని 2014 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది. అయినా కొన్ని ఆస్పత్రుల బిల్లుల్లో అది ఇంకా కనిపిస్తుంది.

మోకాలి లోపలి అడ్డస్నాయువు తెగి, కొత్తది వేసిన ఆటగాళ్ళ విషయంలో పాఠం రోగులే నేర్పారు. ఇండియానాపొలిస్ సర్జన్ డొనాల్డ్ షెల్‌బోర్న్, చెప్పిన మాట వినకుండా త్వరగా కాలు వాడిన రోగులే బాగా కోలుకున్నట్టు గమనించి, 1990లో సహరచయిత నిట్జ్‌తో కలిసి వేగవంతమైన పునరావాస పద్ధతిని ప్రచురించారు. వేగానికి హద్దు కూడా ఉందని తర్వాత తెలిసింది. తొమ్మిది నెలల దాకా ఆటకు తిరిగి వెళ్ళడాన్ని ఆలస్యం చేసిన ప్రతి నెలకూ మోకాలు మళ్ళీ దెబ్బతినే రేటు 51 శాతం తగ్గిందని 2016లో నార్వే పరిశోధకులు చూపించారు. అదే ఆపరేషన్‌లో నెలవంక ఆకారపు మృదులాస్థిని కత్తిరించి తీసేశారా, కుట్టారా అన్న ఒక్క ముక్క కూడా పునరావాసాన్ని మార్చేస్తుంది. తీసేస్తే తొలి రోజుల నుంచే బరువు మోపవచ్చు. కుడితే కొన్ని వారాలు 90 డిగ్రీలు దాటి వంచకూడదని సాధారణంగా చెబుతారు. బయటి నుంచి రెండు కోతలూ ఒకేలా ఉంటాయి.

తుంటి, పొట్ట, ఛాతీ

ముసలివారిలో తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ మరునాడే ఫిజియోథెరపిస్టు పరీక్షించి లేపాలని బ్రిటన్ మార్గదర్శకాలు 2011 నుంచి చెబుతున్నాయి. న్యుమోనియా, పుండ్లు, రక్తం గడ్డలు మంచాన్నే పట్టుకుని వస్తాయి. తుంటి మార్పిడిలో సర్జన్ వెనక నుంచి వెళ్ళారా, ముందు నుంచా అన్నది థెరపిస్టు చెప్పే జాగ్రత్తలను మారుస్తుంది. వెనక నుంచి వెళ్తే మొదట్లో కాలిని లోపలికి తిప్పడం, అడ్డంగా వేయడం, తుంటిని 90 డిగ్రీలు మించి వంచడం కీలు జారడానికి దారి తీయవచ్చు. మన ఇళ్ళలో కింద కూర్చునే మరుగుదొడ్డిని ఆపరేషన్ తేదీకి ముందే మార్చుకోమని చెప్పాలి.

పొట్ట పైభాగపు ఆపరేషన్లకు సంబంధించి 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనం గుర్తుంచుకోదగ్గది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 441 మంది మీద చేశారు. ఆపరేషన్‌కు ముందు ఫిజియోథెరపిస్టు ఒక్కసారి 30 నిమిషాలు కూర్చోబెట్టి శ్వాస వ్యాయామాలు నేర్పితే, తర్వాత వచ్చే ఊపిరితిత్తుల సమస్యలు సగానికి తగ్గాయి. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ 1990లలో మొదలుపెట్టిన త్వరగా కోలుకునే పద్ధతి కూడా ఇదే దారిలోది: నొప్పి అదుపు, త్వరగా ఆహారం, త్వరగా నడక, అన్నీ ఒకే పథకంలో.

మన దగ్గర

భారతదేశంలో తొలి ఫిజియోథెరపీ పాఠశాల 1950ల తొలినాళ్ళలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో ముంబయిలో మొదలైంది. వృత్తి సంఘం 1955లో వచ్చింది. దేశవ్యాప్త చట్టబద్ధ నియంత్రణకు మాత్రం 2021 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టంలో ఫిజియోథెరపిస్టులకు చోటు దక్కింది. పేరు ముందు ‘డాక్టర్’ అని పెట్టుకోవచ్చా అన్న వాదన ఇంకా చల్లారలేదు. రోగి వార్డులో ఎదురుచూస్తుండగా ఈ వాదన వినడం కొంచెం విడ్డూరంగానే ఉంటుంది.

హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్ మొదట ఎముకల ఆస్పత్రిగానే పుట్టింది. తిరుపతిలో టీటీడీ నడిపే బర్డ్ ఆస్పత్రికి పోలియో పిల్లల ఆపరేషన్లతో పేరొచ్చింది. ఆ ఆపరేషన్లు థెరపిస్టు, కాలికి ఆసరాగా తొడిగే కాలిపర్ చేసే పనివాడు లేకుండా అర్థం లేనివి. ముడుచుకున్న మోకాలిని సర్జన్ చాపినా, కాలిపర్ తొడిగి నడక నేర్పేవారు లేకపోతే అది మళ్ళీ ముడుచుకుంటుంది.

ఆ పక్కనే పుత్తూరు ఉంది. విరిగిన ఎముకలకు అక్కడి నాటువైద్యులు వేసే పుత్తూరు కట్టు మీద జనానికి ఉన్న నమ్మకం ఫిజియోథెరపిస్టులకు నిత్యానుభవం: కట్టు విప్పగానే నూనె మర్దన అన్నది రాయలసీమలో చాలా ఇళ్ళలో నడిచే ఆనవాయితీ. చాలా కీళ్ళకు దానివల్ల పెద్ద నష్టం లేదు. మోచేతికి మాత్రం వద్దు. దెబ్బ తగిలిన మోచేతిని గట్టిగా మర్దించి, బలవంతంగా వంచితే కండరంలో ఎముక పేరుకుని కీలు శాశ్వతంగా బిగుసుకోవచ్చు. ఈ ఒక్క విషయంలో సర్జన్లూ ఫిజియోథెరపిస్టులూ ఎప్పుడూ ఒకే మాట మీద ఉంటారు.

మిగతా విషయాల్లో ఆ మాట కాగితం మీదకు రావాలి. నగరంలో ఆపరేషన్ చేయించుకున్న రోగి, ఊరికి వెళ్ళాక దగ్గరి పట్నంలోని ఫిజియోథెరపిస్టు దగ్గరికి పోతాడు. అతని చేతిలో ఉండే డిశ్చార్జి కాగితాల్లో బిల్లు వివరాలు, మందుల పేర్లు పూర్తిగా ఉంటాయి. పునరావాసం గురించి తరచుగా ‘ఫిజియోథెరపీ చేయించాలి’ అన్న ఒక్క వాక్యమే కనిపిస్తుంది. ఏం కుట్టారు, ఎంత గట్టిగా నిలిచింది, బల్ల మీద ఎన్ని డిగ్రీలు వంగింది, ఏ వారం నుంచి ఎంత బరువు, ఏ కదలిక నిషేధం, ఏ లక్షణం కనిపిస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్న ఆరు వాక్యాలు రాయడానికి సర్జన్‌కు అయిదు నిమిషాలు చాలు. పిక్క వాచి నొక్కితే నొప్పి పుడుతోందనో, కుట్ల దగ్గర నీరు కారుతోందనో ముందుగా గమనించేది చాలాసార్లు ఆ పట్నం థెరపిస్టే. అతని దగ్గర సర్జన్ ఫోన్ నంబరు ఉంటే రోగి అదే రోజు ఆస్పత్రికి చేరతాడు, లేకపోతే వచ్చే నెల చెకప్ దాకా ఆగుతాడు.